బాసింగాల బెండు ఎగిరిపోయిన పొద్దు

మొన్న కదిరిలో మా చెల్లెలి మనవరాలి పెళ్ళి జరిగింది. జీలకర్ర బెల్లం పెట్టే పొద్దుకు నెత్తిమీద తేనెతుట్టె కదిపినట్టు ఒకటే రొద. తలెత్తి చూస్తే, నాలుగు మూలలా నాలుగు చిన్న ఫ్యాన్లు తిరిగే పళ్ళెం లాంటిదొకటి పందిరి పైన నిలబడి మమ్మల్నే చూస్తా ఉంది. ఫోటోలు తీసేవాళ్ళు ఎగరేసినారంట, డ్రోను అంటారంట. సరే, ఏదో ఒకటి ఎగరనీ అనుకొని పెళ్ళికూతురి వైపు తిరిగితే, నొసటి మీద కట్టిన బాసింగం థర్మాకోలుది. కొత్త టీవీ కొంటే పెట్టెలో అడుగున వస్తుందే, అదే. దానికి మెరుపు రాళ్ళు అంటించి పాకెట్టులో పెట్టి అమ్ముతారు, ఎవరి నొసటికైనా అదే కొలత. నాకు ఒళ్ళు మండింది. పక్క కుర్చీలో మా ఆయన, రెండు కళ్ళకూ పొర కమ్మి, కనపడేది తక్కువైనా ఆ రొద వచ్చే దిక్కుకు ముఖం ఎత్తి, నోరు తెరుచుకొని కూచున్నాడు. ఆయన ఆకాశం వైపు అట్లా నోరు తెరిచినాడంటే నాకు ఇప్పటికీ భయమే, ఎందుకంటే ఒకసారి ఆయన అట్లా నోరు తెరిచిన నాడు నేను ఒక పెళ్ళికి ఇచ్చిన మాట మొత్తం ఆకాశంలో తిరుగుతా ఉండింది.

నా పుట్టింటి పని బాసింగాలు కట్టడం. నా ఈడు వాళ్ళకు బాసింగమంటే ఏమిటో చెప్పే పని లేదు, కానీ అది దేంతో అవుతుందో కట్టుకున్నవాళ్ళకు కూడా తెలియదు కాబట్టి చెప్తున్నాను. చెరువు నీళ్ళలో జీలుగు అని ఒక మొక్క పెరుగుతుంది. దాని కాడను ఎండబెట్టి పైతోలు తీస్తే లోపల పాలమీగడ లాంటి తెల్లటి బెండు. చేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియదు. దాన్ని పదునైన కత్తితో రేకులు రేకులుగా చీల్చి, పువ్వులూ మొగ్గలూ కోసి, తళుకు అంటించి, దారాలు కడితే బాసింగం. బుక్కపట్నం చెరువులో నడుముల్లోతు నీళ్ళలో దిగి మా నాయన కోసుకొచ్చేవాడు. నాకు అక్షరాలు వచ్చింది నా పిల్లలు పెద్దోళ్ళయినాక సాయంత్రం బడిలో, బెండు కోసే కత్తి మాత్రం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చేతిలోనే ఉంది. పెళ్ళయినాక కూడా ఆ పని వదల్లేదు. అమ్మ లేదు కాబట్టి నాయన మా ఇంట్లోనే ఉండేవాడు, చూపు తగ్గినా వేళ్ళతో తడిమి బెండు మంచిదా కాదా చెప్పేవాడు.

నన్ను కట్టుకున్న మనిషి కాలేజీలో అటెండరు. గంట కొట్టుకుంటా, నీళ్ళు పెట్టుకుంటా ఉండే మనిషిని పాడు చేసింది అక్కడికి వచ్చిన ఒక సారు. ఆ సారుకు విమానం బొమ్మల పిచ్చి. బొమ్మలంటే పిల్లోళ్ళు ఆడుకునేవి కాదు, మనిషి రెండు చేతులు చాపినంత రెక్కలతో, నిజంగా గాలిలో పోయేవి. మోటారు లేదు, ఏమీ లేదు, గుట్టమీద నిలబడి విసిరితే గాలి పట్టుకొని పోవాల. కాలేజీలో ఒక గది అడిగి తీసుకొని, చదువుకునే పిల్లోళ్ళకు అది నేర్పేవాడు, తలుపు తీసి ఊడ్చేదానికి పోయిన మా ఆయన కూడా నేర్చుకున్నాడు. నేర్చుకుంటే నేర్చుకున్నాడు, దానికి కావాల్సిన చెక్క ఏది మరి? బాల్సా అంట. చెక్క అనేదే గానీ ఖాళీ అగ్గిపెట్టె అంత బరువు కూడా ఉండదు. అది మన దిక్కు పెరగదు, యాడో సముద్రాల అవతల నుంచి ఓడలో రావాల. సారు బెంగుళూరు పోయినప్పుడంతా అంగట్లో తెచ్చేవాడు. మొదట పలకలు పలకలుగా ఇచ్చిన అంగడాయన, రాను రాను ఓడ రాలేదంటా, వచ్చినా సుంకం పెరిగిందంటా, పెళ్ళిలో కొబ్బరి ముక్కలు పంచినట్టు కోసి ఇచ్చేదానికి వచ్చినాడు. చివరిసారి సారు ధర విని, పలకను ఒకసారి చేత్తో నిమిరి అక్కడే పెట్టి వచ్చినాడంట. మా ఆయన ఆ ధర నాకు చెప్పి, ఆ దుడ్లకు ఒక పాల మేక వస్తాది అని నిట్టూర్చినాడు. మేకనన్నా తెస్తే పిల్లోళ్ళకు పాలుంటాయి కదయ్యా అన్నాను నేను. ఆయనకు వినపడలేదు. ఇలాంటివి ఆయనకు ఎప్పుడూ వినపడవు.

తరువాత సారుకు బదిలీ అయ్యింది. సారు పోయినాడు గానీ ఆ పిచ్చి పోలేదు, దాన్ని మా ఆయనకు అంటించి, విమానాల కొలతలు గీసిన, చుట్టచుట్టిన నీలం గీతల కాయితాలు కూడా చేతిలో పెట్టి పోయినాడు.

ఇంక నా తిప్పలు చూడండి. బాల్సా లేకపోతే మానుకోవచ్చు కదా. మానుకుంటే ఆయన ఎందుకవుతాడు. మొదట గోగు పుల్లలు తెచ్చినాడు, ఎండినాక అవి తేలికే గానీ, విసిరితే రెక్క ఒక దిక్కు, తోక ఒక దిక్కు పోయినాయి. తరువాత మునగ కొమ్మలు కొట్టుకొచ్చినాడు, ఆరేసరికి అవి పాము మాదిరి వంకర తిరిగినాయి. ఆ తరువాత కిత్తలి మీద పడినాడు. మన చేన్ల గట్ల మీద ముళ్ళ మట్టలతో ఉంటుందే, అది చచ్చిపోయే ముందు నడిమధ్యలో నుంచి ఇంత పొడుగు కంభం లేపి పూస్తుంది, ఆ కంభం లోపల బాల్సా మాదిరే ఉంటుందని ఎవరో చెప్పినారంట. దాన్ని నరికి భుజం మీద పెట్టుకొని బజారు నడిమధ్యలో వస్తావుంటే, ఏమప్పా, ఎవురింట్లో పందిరి, మమ్మల్ని పిలవకుండానే పెండ్లి చేస్తాండావా అని ప్రతి అంగడోడూ అడిగినాడంట. మిద్దె మీద ఎండబెట్టి, ఎండినాక కోస్తే లోపల పురుగు పడి పొడి రాలింది, ఆ పొడంతా గాలికొచ్చి నా వడియాల మీద పడింది. ఇన్ని చేసినా ఒక్కటంటే ఒక్కటి ఎగరలేదు. గుట్టమీద నుంచి విసిరితే రాయి విసిరినట్టు కింద పడేవి, ఆయన దిగిపోయి ముక్కలు ఏరుకొచ్చేవాడు.

అంతలో వరసగా వానలు ఎగ్గొట్టినాయి. శెనక్కాయ విత్తనం విత్తింది విత్తినట్టే మాడిపోయింది, బుక్కపట్నం చెరువు నెర్రెలిచ్చింది. చెరువులో నీళ్ళు లేకపోతే జీలుగు లేదు, జీలుగు లేకపోతే బెండు లేదు. ఆయనకు ఓడ రాక చెక్క లేదు, నాకు వాన రాక బెండు లేదు, ఇద్దరమూ ఒకే ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటా కూచున్నాము. అయితే నాకు ఒక ధైర్యం ఉండేది. చెరువు నిండిన ఏడాది నాయన కోసిన బెండులో ఒక మూట, పాత చీరలో చుట్టి అటక మీద పెట్టినాను. దాన్ని తాకేది లేదు, మరీ అవసరమైన ఇల్లు వస్తేనే తీయాలని.

ఒకనాడు ఆయన కాలేజీ నుంచి ఒక విమానం తెచ్చి నడవలో దూలానికి వేలాడదీసినాడు. ముందు చేసిన వాటి మాదిరి కాదు. గాలిపటాలకు వాడే పచ్చ కాయితం అంటించి, మగ్గాలవాళ్ళు పడుగు దారాలకు పట్టించినట్టు బియ్యపు గంజి పట్టించి, రెక్కలు బిర్రుగా, నున్నగా, పైకి కొంచెం ఉబ్బెత్తుగా ఉన్నాయి. ఎట్లో బాల్సా దొరికింది పాపం అనుకొని నేను సంతోషపడినాను కూడా. సంతోషపడి, ఆ పూట ఆయనకు ఒక చెంచా నెయ్యి ఎక్కువ వేసినాను. ఆ నెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఎందుకంటే ఆ వారంలోనే నల్లమాడ పక్క నుంచి ఒక అక్క వచ్చింది. సేద్యం చేసుకునే ఇల్లు, ఆ ఇంటికి రెండు తరాలుగా మేమే బాసింగాలు. వాళ్ళ మామ పోయినాడు, ఏడాది లోపల పిల్ల పెళ్ళి చేయకపోతే మూడేండ్లు ఆగాల, అందుకని కరువైనా అప్పటికప్పుడు ముహూర్తం పెట్టుకున్నారు. కదిరిలో బెండు లేదు, ధర్మవరం దాకా మనిషిని పంపినా లేదు. అట్టముక్కలతో కట్టించుకోమ్మా అని ఎవరో సలహా ఇచ్చినారంట. ఆమె మా గడపలో కూచొని, నా బిడ్డకు అట్టముక్క కడితే అత్తగారింట్లో అది బతికినన్ని దినాలు దెప్పుతారు పాపా, నీ ఇంట్లో బెండు ఉంటాదని నమ్ముకొని వచ్చినా అంది. నేను అటక తట్టు చూసి, ధైర్యంగా తాంబూలం చేత్తో తీసుకున్నాను. మా ఇంట్లో తాంబూలం తీసుకున్నారంటే బాసింగం కట్టినట్టే లెక్క. ముహూర్తానికి ముందునాడు వచ్చి తీసుకుపోక్కా అని పంపించినాను.

మిగతా ఇంటి పనులన్నీ తెమల్చుకొని, ముందునాటి పొద్దున అటకెక్కితే పాత చీర ఉంది, చీరలో బెండు లేదు.

బెండు యాడయ్యా అని పైనుంచే అరిచినాను. ఆయన నడవలో నిలబడి దూలం వైపు చూసినాడు. నేను అటక దిగి విమానం దగ్గరికి పోయి, కాయితం మీద నుంచే వేలితో నొక్కినాను. నా బెండు నాకు తెలియకుండా పోతుందా. వెదురు బద్దకు అటూ ఇటూ నా మూటలోని కాడలన్నీ పక్కపక్కన అతికించి, గరుకు కాయితంతో రుద్ది రుద్ది రెక్కలు చేసినాడు.

"ఈ కరువులో పెండ్లి ఎవురు పెట్టుకుంటారులే అనుకుంటినే" అన్నాడు.

"కరువొస్తే పెండ్లిండ్లు ఆగిపోతాయా? నీ బుర్రలో గుజ్జు తీసి అక్కడ కూడా బెండు పెట్టినావా?"

నాయన తడుముకుంటా వచ్చి రెక్క మీద చెయ్యి పెట్టి చూసినాడు. నునుపుగా చేసినావు అల్లుడా, అన్నాడు. మెచ్చుకునే పొద్దా అది? నేను కత్తి తెచ్చుకొని విమానం దింపు అన్నాను. ఇంకొక సంగతి అప్పుడే బయటపడింది, ముక్కు బరువు కోసం ఆయన దానికి కట్టింది నా ట్రంకు పెట్టె తాళంచెవి, తళుకు కాయితాలు ఉన్నది ఆ ట్రంకులోనే. ఆయన విమానం దింపి, నాకియ్యకుండా చంకలో పెట్టుకొని, ఒక్కసారి ఎగరేసి ఇస్తా అన్నాడు.

"ఎగిరిపోతే?"

"యాడికి పోతాదే? ఇన్నేండ్లలో నేను చేసింది ఒక్కటన్నా ఎగిరిందా?"

ఆయన మాటలో అబద్ధం లేదు. ఒక్కటీ ఎగరలేదు, ఇదీ ఎగరదు, గుట్ట కింద పడుతుంది, ఏరుకొచ్చి కోసుకోవచ్చు. నాయన కూడా, పోనీలేమ్మా, ఒక విసురు విసరనీ, ఎట్లాగూ కోసేదే కదా అన్నాడు. సరే తొందరగా కానియ్యి, ఆ అక్క వచ్చేస్తాది అని నేను కూడా వెంటపడి పోయినాను.

తొందరగా అయ్యే మనిషైతే కదా. గుట్టెక్కినాక గాలి అటు తిరగాలంటాడు, ఇటు తిరగాలంటాడు, దుమ్ము ఎగరేసి చూస్తాడు, ఎండ నడినెత్తికి వచ్చేదాకా నన్ను ఆ బండల మీద నిలబెట్టినాడు. చివరికి రెండడుగులు ఉరికి విసిరినాడు. అది ముందు ఎప్పటి మాదిరే కిందికి వంగింది, నేను అమ్మయ్య అనుకున్నాను. కింద మాడిపోయిన శెనక్కాయ చేన్లు పెనం మాదిరి కాగి ఉన్నాయి, వాటి మీదికి పోయేసరికి దాన్ని ఎవరో చేత్తో ఎత్తినట్టు ముక్కు పైకి లేచింది. లేచి, గుట్టకు సమానంగా వచ్చి, మమ్మల్ని దాటి పైకి పోయింది. పైన గద్దలు తిరుగుతా ఉంటే వాటి నడుమ చేరి, వాటి మాదిరే రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరిగేదానికి మొదలుపెట్టింది. దిగు దిగు అని నేను కింద నుంచి చేతులు ఊపుతా ఉన్నాను, అది వింటుందా? దాన్ని చేసినోడే వినడు. తిరిగి చూస్తే ఆయన నోరు తెరుచుకొని నిలబడి ఉన్నాడు, కండ్లలో నీళ్ళు. సంతోషమంట! నా తాంబూలం ఆకాశంలో తిరుగుతా ఉంటే ఆయనకు సంతోషమంట.

సరిగ్గా అప్పుడే నల్లమాడ అక్క గుట్టెక్కి వచ్చింది. ఇంటికి పోతే నాయన ఇక్కడున్నామని చెప్పినాడంట. చెమట తుడుచుకొని, ఏం పాపా, బాసింగాలు అయిపోయినట్టేనా, యాడుండాయి అంది.

నా నోటికి అబద్ధం రాలేదు. "పైనుండాయక్కా" అన్నాను.

ఆమె గుట్ట పైన బండల తట్టు చూసింది. అక్కడ కాదక్కా, ఇంకా పైన, అని నేను వేలు చూపించినాను. ఆమె చాలాసేపు ఆకాశం వైపు చూసి, నా ముఖం చూసి, మా ఆయన ముఖం చూసి, ఏమప్పా, మీ ఇంట్లో అందురూ బాగుండారు కదా అని అడిగింది. విషయమంతా చెప్పేసరికి ఆమె చేసిన పని, కొంగు నడుముకు దోపుకొని గుట్ట దిగి ఉరికేది. ఆమె వెనక నేను, నా వెనక మా ఆయన. పైన అది నిదానంగా నల్లమాడ దిక్కుకే జరుగుతా ఉంది. దాని తట్టు చూస్తే కాలికింద రాళ్ళు, రాళ్ళు చూస్తే పైన అది కనపడదు. చేనుకు చేను దాటి, ఎండిన వంక దాటి, ఆ అక్క ఆయాసంలో కూడా మా ఆయన్ను తిట్టేది ఆపలేదు, నా బిడ్డ నొసటన కట్టేదాన్ని గద్దలకు కట్టిచ్చినావు కదరా సామీ అని. ఆయన నొచ్చుకోలేదు. ఎంత చక్కగా పోతాండాది చూడక్కా అన్నాడు. రాయి తీసుకొని వేయాలనిపించింది నాకు.

కళ్ళముందర నుంచి అది మాయమైంది, మేము ఒక దిబ్బ దాటేసరికి అక్కడ మేకల మంద. మంద నడుమ ఒక కాపరి, తలమీద కంబళి వేసుకొని, ఒక మేక నోట్లోంచి ఏదో గుంజుతా ఉన్నాడు. ఆ కరువులో మేకలకు గడ్డి పోచ లేదు, గోడలకు అంటించిన సినిమా కాయితాలు నాకి బతికే మేకలు, వాటి ముందర గంజి పట్టించిన కాయితం వచ్చి పడితే ఊరుకుంటాయా. ఒక రెక్క కాయితంతో సహా నమిలేసినాయి. రెండో రెక్క మాత్రం కాపరి లాక్కొని కంబళి కింద పెట్టినాడు.

"పైనుంచి పడిందన్నా. మేకల అగచాట్లు చూడలేక దేవుడే మేత ఏసినాడనుకుంటి" అన్నాడు ఆ మనిషి మా ఆయనతో. తరువాత తాళంచెవి చేతిలో పెట్టి, మేతలో ఇది ఎందుకుండాదో అర్థం కాలేదు అన్నాడు.

ఇంటికి వచ్చినాక ఇంకొక గొడవ. మేక నోరు పెట్టింది కదా, ఎంగిలి, పెళ్ళికూతురి నొసటికి పనికొస్తుందా అని ఆ అక్క వాకిట్లోనే నిలబడిపోయింది. నాయన రెక్కను మొదలు నుంచి కొస దాకా వేళ్ళతో తడిమి, ఈ రెక్కకు పంటిగాటు లేదు, తడి లేదు, కాయితం ఒలిస్తే లోపల బెండును మనిషి చెయ్యి తప్ప వేరేది తాకలేదు అన్నాడు. పసుపునీళ్ళు చల్లి ఇచ్చినాడు. నేను కాయితం ఒలిచి కత్తి పెట్టినాను. సరిపోతుందో లేదోనని రేకు రేకుకూ కొలుచుకొని కోసినాను, అంత బాగా రుద్ది సన్నం చేసినాడు ఆ మహానుభావుడు. పువ్వులు తగ్గించి, మొగ్గలు చిన్నవి చేసి, పొద్దు గుంకే లోపల జత బాసింగాలు కట్టి ఆ అక్క ఒళ్ళో పెట్టినాను. కట్టేటప్పుడు ఒకటి గమనించినాను. రెక్క పైకి ఉబ్బెత్తుగా ఉండేదంటిని కదా, ఆ వంపు అట్లే నిలిచి, బాసింగం నొసటికి అద్దినట్టు కూచుంటా ఉంది. మామూలుగా నేను తడిపి వంచినా అంత కుదురుగా రాదు. ఆ మాట మా ఆయనకు చెప్పలేదు, చెప్పితే ఇంకొక మూట పోతుంది.

పెళ్ళయినాక ఆ అక్క సంతలో కనపడి, ఎట్లుండాయక్కా బాసింగాలు అంటే, బాగుండాయి పాపా, కానీ గాలి వస్తే చాలు నొసటి మీద నుంచి లేస్తా ఉండినాయి, దారాలు రెండు వరసలు కట్టి కూచోబెట్టినాం అంది. నేను మొగుణ్ణి తిట్టినాను. ఆయన మాత్రం నాలుగు దినాలు నేలమీద నడవలేదు.

ఆ తరువాత బాల్సా మా దిక్కు మళ్ళీ కనపడలేదు, కాలేజీ గదిలో కుర్చీలు విరిగినవి వేసి తాళం పెట్టినారు. చెరువు నిండినప్పుడు బెండు వచ్చింది, ఎండినప్పుడు పోయింది, ఆఖరికి కోసేవాళ్ళు కూడా లేక ఆ పని మా ఇంట్లోనే ఆగిపోయింది. ఇప్పుడు దేనికీ కొరత లేదు. మొన్నటి పెళ్ళి మండపం వెనక థర్మాకోలు ముక్కలు కుప్పలుగా పడి ఉన్నాయి, ఒక మేక వచ్చి వాసన చూసి, తుమ్మి, పక్కకు పోయింది.

డ్రోను ఎగరేసిన అబ్బాయి ఒక మీట నొక్కి దాన్ని దింపుకున్నాడు, అది పోయిన దారినే వచ్చి అతని కాళ్ళ దగ్గర బుద్ధిగా కూచుంది. రొద ఆగినాక మా ఆయన నా మోచెయ్యి పట్టుకొని, "ఏమే, అది ఎగురుతావుంటే కింద ఎవురన్నా ఉరికినారా?" అని అడిగినాడు.

ఎవురు ఉరుకుతారయ్యా, అందురూ కుర్చీల్లోనే ఉండారు అన్నాను విసుగ్గా. అన్నాక నాకే ఎందుకో, ఆ చేన్ల గుండా కొంగు దోపుకొని ఉరికిన ఆ అక్క వీపు గుర్తొచ్చి, అక్కడున్నవాళ్ళలో ఒక్కరైనా లేచి నిలబడి ఉంటే బాగుండేదనిపించింది.